గిల్టు కిరీటం మళ్లీ తెండి

సినీ రచయిత, దర్శకులు సాయి రాజేష్ గారికి,



రికార్డుల్లో మా ఊరు మచిలీపట్నం. బస్సులో టిక్కెట్టు అడిగేటప్పుడు మాత్రం బందరే. మీరు కథ రాసి నిర్మించిన ‘కలర్ ఫోటో’ ఈ ఊళ్లో జరిగే కథ. 2020 అక్టోబరులో అది ఆహా ఓటీటీలో వచ్చినప్పుడు మా ఇంట్లో పిల్లల దగ్గర్నుంచి మా అమ్మదాకా అందరం ఒక్క టీవీ ముందు చేరి చూశాం. పాలు పోసుకుంటూ ఇంజినీరింగు చదివే నల్లటి కుర్రాడు జయకృష్ణని మా వీధి పిల్లాడనే అనుకున్నాం. ఆ తర్వాత ఆ సినిమాకి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది. మీకూ, దర్శకుడు సందీప్ రాజ్ గారికీ మా ఊరివాళ్లు మనసులో పెట్టుకున్న దణ్ణాలు ఎన్నో ఉన్నాయి.

అయితే ఈ ఉత్తరం ఆ సినిమా గురించి కాదు. అంతకు ముందు మీరు స్టీవెన్ శంకర్ అన్న పేరుతో తీసిన ‘హృదయ కాలేయం’ గురించి, ఆ తర్వాత మీరే రాసి నిర్మించిన ‘కొబ్బరిమట్ట’ గురించి. నా విన్నపం మొదటే చెప్పేస్తాను. అలాంటిది ఇంకొకటి తియ్యండి. ఎందుకు తియ్యాలో, ఎలా ఉంటే బావుంటుందో మా డెల్టా మనిషిగా నాకు తోచింది రాస్తున్నాను. పెద్ద మనసుతో చదవండి.

2014 ఏప్రిల్‌లో ‘హృదయ కాలేయం’ చూడ్డానికి హాలుకి వెళ్లిన రోజు నాకు బాగా గుర్తు. మొదటి పది నిమిషాలూ జనం హీరోగా వేసిన సంపూర్ణేష్ బాబు గారి ముఖం చూసి నవ్వారు. ‘ఇతను హీరో ఏంట్రా’ అన్న నవ్వు అది. దాచడం ఎందుకు, నేనూ ఆ నవ్వే నవ్వాను. అరగంట గడిచేసరికి హాల్లో నవ్వు మారింది. తెర మీద ఆయన ఒక్కసారి కూడా కన్ను గీటలేదు. ‘ఇదంతా ఆటకే’ అన్న సైగ ఎక్కడా చెయ్యలేదు. పెద్ద హీరోలకి ఫ్యానుతో పెట్టే గాలి, నిదానంగా పడే అడుగు, వెనకాల దద్దరిల్లే వాయిద్యం, అన్నీ ఆయనకీ పెట్టారు. ఆయన వాటన్నిటినీ పట్టాభిషేకానికి కూర్చున్నవాడిలా నిబ్బరంగా అందుకున్నాడు. అప్పుడు నాలో ఒక ప్రశ్న పుట్టింది. ఇన్నేళ్లుగా మేం ఈలలు వేసింది మనిషికా, ఆ గాలికా? అక్కణ్ణించి ఆయన్ని చూసి నవ్వడం మానేసి, మా అలవాట్లని చూసి మేమే నవ్వుకున్నాం. ఆట వదిలాక బయటికొచ్చే ప్రతివాడి నోటా ‘సంపూ’ అన్న పేరే. మా వైపు ఎవరినైనా పేరు తగ్గించి పిలిచారంటే ఇంటివాణ్ణి చేసుకున్నట్టే.

ఆరేళ్ల తర్వాత ‘కలర్ ఫోటో’ చూస్తుంటే నాకు ఆ హాలే కళ్ల ముందు మెదిలింది. రెండు సినిమాలూ అడిగింది ఒకటే ప్రశ్న: హీరో అనిపించుకునే హక్కు ఎవరికుంది? ఒకటి ఆ మాట ఏడిపించి అడిగింది, ఇంకొకటి నవ్వించి అడిగింది. పురస్కారం ఏడిపించినదానికి దక్కింది. నవ్వించినదానికి దక్కాల్సిన మర్యాద కోసం నేనీ నాలుగు మాటలూ రాస్తున్నాను.

రాజేష్ గారూ, మా ఊళ్లో చిలకలపూడి అని ఒక చోటుంది. రోల్డ్ గోల్డ్ నగలకి దేశమంతా పేరున్న చోటు. మేం వాటిని గిల్టు నగలంటాం. లోపల మామూలు లోహం, పైన పలచగా బంగారు పూత. గిల్టు నగ కొన్నవాళ్లు మోసపోయామని ఎన్నడూ అనుకోరు. అది బంగారం కాదని చేసినవాడికి తెలుసు, అమ్మినవాడికి తెలుసు, మెళ్లో వేసుకున్న పెళ్లికూతురికీ తెలుసు. తెలిసే ముచ్చటపడి వేసుకుంటుంది. ఇంకొక సంగతి. గిల్టు కాసులపేరు చేసేవాడికి అసలు కాసులపేరు పొల్లుపోకుండా తెలిసుండాలి. కాసు మీద గీత ఎక్కడుంటుందో, కొక్కెం ఎటు తిరుగుతుందో చేతికి రావాలి. అసలుది తెలియనివాడు నకలు చెయ్యలేడు.

స్పూఫ్, అంటే పెద్ద సినిమాల్ని అనుకరిస్తూ వెక్కిరించే సినిమా, చేసేది అచ్చంగా ఈ పనే. సినిమాల్లోకి రాకముందు సంపూర్ణేష్ బాబు గారిది స్వర్ణకార వృత్తి అనీ, లాక్‌డౌన్ రోజుల్లో మళ్లీ ఆ పనిముట్లు పట్టి ఇంట్లోవాళ్లకి తన చేత్తో వెండి నగలు చేసిచ్చారనీ చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. తెర మీద ఆయన చేసింది ఆ నగిషీ పనే గదా అనిపించింది. ‘కొబ్బరిమట్ట’లో ఆయన పాపారాయుడు, పెదరాయుడు, ఆండ్రాయుడు అని మూడు వేషాలు కట్టారు. అందులో మూడు నిమిషాలకు పైగా ఆగకుండా చెప్పిన ఆ ఒక్క డైలాగు చూడండి. పౌరుషాల సినిమాల్లో గొంతు ఎక్కడ లేస్తుందో, చెయ్యి ఎక్కడ విసురుతారో, జనం ఎక్కడ ఈల వేస్తారో ఆ లెక్కంతా తెలిసినవాళ్లు తప్ప అది రాయలేరు, చెప్పలేరు. 1995లో ‘పెదరాయుడు’ చూసి చప్పట్లు కొట్టిన జనమే, 2019లో ఈ రాయుళ్లని చూసి పొట్ట పట్టుకున్నారు. దానివల్ల ఆ పాత సినిమా మీద ప్రేమేమీ తగ్గలేదు. ఆ మర్నాడు టీవీలో ‘పెదరాయుడు’ వస్తే మా ఇంట్లో మళ్లీ కూర్చుని చూశారు.

ఈ రకం సినిమాకి నవ్వు రెండు చోట్ల నుంచి పుడుతుంది. మొదటిది కంటికి కనపడే నవ్వు. అరటితొక్క మీద కాలేసి జారిపడటం, తలుపు ముక్కుకి తగలటం, తన్నబోయినవాడు తానే బోర్లాపడటం లాంటివి మూడేళ్ల పిల్లకీ అర్థమవుతాయి. వాటికి భాష అక్కర్లేదు. రెండోది పోలిక పట్టుకునే నవ్వు. ఇది ఫలానా సినిమాలో ఫలానా సీను అని గుర్తుపట్టినవాడికే దక్కుతుంది. మంచి స్పూఫ్‌లో ఈ రెండూ ఒకే సీనులో ఉంటాయి. మనవరాలు పడిపోయిన మనిషిని చూసి నవ్వుతుంది. పక్కన తాతయ్య ఆ పడటంలో తన కాలపు హీరోని చూసి నవ్వుతాడు. ఇద్దరూ ఒకేసారి నవ్వుతారు. ఇల్లిల్లూ ఎవరి ఫోను వారు చూసుకునే ఈ రోజుల్లో అది చిన్న సంగతేం కాదు.

రెండో రకం నవ్వుని డబ్బింగ్ చెయ్యడం కుదరదు. సి.ఎస్. అముదన్ 2010లో తీసిన ‘తమిళ్ పడం’ని భీమనేని శ్రీనివాసరావు గారు 2012లో ‘సుడిగాడు’గా తీసినప్పుడు, తమిళ హీరోల భంగిమలన్నీ ఊడదీసి మన హీరోలవి బిగించాల్సొచ్చింది. అల్లరి నరేష్ గారు ఆ బరువంతా మోశారు. ఈ విద్యకి ప్రపంచమంతా పేరు తెచ్చిన ‘ఎయిర్‌ప్లేన్!’ అన్న 1980 నాటి అమెరికా సినిమా కూడా గాల్లో పుట్టలేదు. 1957లో వచ్చిన ‘జీరో అవర్!’ అనే గంభీరమైన విమానం కథ హక్కులు కొనుక్కుని, దాని మీదే కట్టారు. అందులో వేషాలకి హాస్యగాళ్లని కాకుండా, అప్పటిదాకా గంభీరమైన పాత్రలే వేసిన లెస్లీ నీల్సన్ లాంటివాళ్లని పెట్టుకున్నారు. నవ్వని ముఖమే నవ్విస్తుందన్న కిటుకు వాళ్లు పట్టారు. మీరూ పట్టారు.

మరి ఈ విన్నపం మా డెల్టా నుంచే ఎందుకు రావాలి? హీరోలని మాలాగ కొలిచిన నేల తక్కువ కాబట్టి. ఎన్టీ రామారావు గారి నిమ్మకూరు, అక్కినేని నాగేశ్వరరావు గారి రామాపురం, ఘంటసాల గారు పుట్టిన చౌటపల్లి, కైకాల సత్యనారాయణ గారి కౌతవరం, అన్నీ గుడివాడ చుట్టుపక్కలవే. తెలుగు సినిమాకి పితామహుడనిపించుకున్న రఘుపతి వెంకయ్య నాయుడు గారు బందరువారు. సినిమా మాకు పక్కింటి పెళ్లి లాంటిది. భంగిమలన్నీ కంఠతా వచ్చినవాళ్లకే వాటిని అనుకరించే చనువుంటుంది. దేవుడు మనవాడనుకున్నప్పుడే ఆయనతో పరాచికాలాడతాం.

ఆ పరాచికం కూడా మాకు కొత్త కాదు. దివిసీమలో పెదప్రోలువాడైన కాసుల పురుషోత్తమ కవి, శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు మీద ‘ఆంధ్రనాయక శతకం’ రాశాడు. పైకి అంతా దెప్పిపొడుపు, లోపల అంతా భక్తి. నిందాస్తుతి అంటారు దాన్ని. స్వామిని ఎగతాళి చేసినందుకు ఆ కవిని ఎవరూ గుడి బయట నిలబెట్టలేదు. ఇప్పటికీ నెత్తిన పెట్టుకుంటున్నారు. కూచిపూడి వాళ్ల భామాకలాపంలో సత్యభామ ఎంత గర్వంగా ఉంటుందో, పక్కన చెలికత్తె మాధవి అంత తుంటరి. మొగుడి పేరు చెప్పమని భామని ఏడిపిస్తుంది, ఉత్తరం పట్టుకెళ్లడానికి ముక్కెర అడుగుతుంది. మాధవి లేకపోతే ఆ గర్వం మనకి అందంగా కనపడదు. ఆ కూచిపూడి భాగవతులే పగటి వేషాలూ కట్టేవారు. సోమయాజులూ సోమిదేవమ్మా వేషంలో తమవంటి కులపెద్దల ఆచారాల్నే వీధిలో నిలబెట్టి నవ్వించేవారు.

బందరు విషయానికొస్తే, పింగళి నాగేంద్రరావు గారు పెరిగిందీ, చదివిందీ, నాటకాల్లో చెయ్యి తిప్పుకున్నదీ ఇక్కడే. 1957లో ‘మాయాబజార్’కి మాటలూ పాటలూ రాసింది ఆయనే. అందులో ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించే ఘట్టం తలుచుకోండి. సావిత్రి గారు ఎస్వీ రంగారావు గారి నడకా, మీసం దువ్వే చెయ్యీ, కళ్లురిమే చూపూ పట్టుకొచ్చి ఒక సుకుమారి ఒంట్లో పెట్టారు. అంతకు మించిన అనుకరణ తెలుగు తెర మీద నేను చూడలేదు. పురాణాన్ని ఇంత భక్తిగా తీసినవాళ్లే పురాణంతో ఇంత చిలిపిగా ఆడుకున్నారు.

ఇక మీతో చెప్పదలచుకున్న అసలు సంగతి. ఇది సీక్వెల్ గురించి.

1977 అక్టోబరులో ‘యమగోల’ వచ్చింది. తాతినేని రామారావు గారు దర్శకులు, ఆయనదీ మా కృష్ణా జిల్లాయే. తెర మీద రాముడూ కృష్ణుడూ అంటే తానే అయిన ఎన్టీ రామారావు గారు, ఆ సినిమాలో యమలోకానికి వెళ్లి భటుల చేత సమ్మె చేయించారు. కౌతవరం సత్యనారాయణ గారు యముడు. జనం విరగబడి చూశారు. నెల తిరక్కుండానే, నవంబరు 19న, దివిసీమ మీద ఉప్పెన పడింది. ఊళ్లకి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. వేలమంది పోయారు. మా అమ్మమ్మ వాళ్లది నాగాయలంక దగ్గర. ఆ రాత్రి గురించి ఆమె చివరిదాకా పూర్తిగా చెప్పలేదు. చెప్పబోయి మధ్యలో ఆపేసేది. అప్పుడు తెర మీది హీరోలు వీధిలోకొచ్చారు. ఎన్టీఆర్, ఏయన్నార్ తోటి నటులతో కలిసి జోలె పట్టి విరాళాలు పోగుచేశారు. మా వాళ్లు హీరోలని కొలిచారంటే ఊరికే కొలవలేదు.

ఆ ఏడాదే యముణ్ణి చూసినవాళ్లు ఆ తర్వాత సినిమా యముడి ముఖం చూడలేరనే ఎవరైనా అనుకుంటారు. కానీ 1988లో ‘యముడికి మొగుడు’లో అదే సత్యనారాయణ గారు మళ్లీ ఆ గద, ఆ కిరీటం, ఆ గర్జనతో వచ్చారు. 1994లో ‘యమలీల’లో మళ్లీ వచ్చారు. మా అమ్మమ్మ ఆ సినిమాని మాతో కలిసి చూసింది. యముడు భూమ్మీద మనుషుల మధ్య తికమకపడుతుంటే కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. ఆ నవ్వు నాకు అప్పుడు అర్థం కాలేదు. చావంటే తెలియక నవ్విన నవ్వు కాదది. ఒకసారి తన ఇంటి మీద పడ్డవాడి కిరీటం గిల్టుదని, దాన్ని తలమీంచి జారేలా చెయ్యొచ్చని చూసి నవ్విన నవ్వు. పదిహేడేళ్ల తర్వాత ఆమెకి దొరికిన చిన్న జమాఖర్చు అది.

ఆ మూడింటిలో ఏదీ ఇంకొకదానికి రెండో భాగం కాదు. కథలు వేరు, దర్శకులు వేరు. అయినా మాకు అవన్నీ ఒకే వరస. ‘యమగోల మళ్లీ మొదలైంది’ అని 2007లో పేరు పెట్టి సినిమా తీసింది తర్వాత సంగతి. పగటి వేషాలదీ ఇదే వరస. ఆ వేషగాళ్లు ఏటా వచ్చేవారు. వారం పది రోజులుండి రోజుకో వేషం కట్టి, చివరి రోజున సంభావన పుచ్చుకుని వెళ్లేవారు. మరుసటేడు మళ్లీ ఆ సోమయాజులే, ఆ సోమిదేవమ్మే. వాళ్లేం చేస్తారో ఊరందరికీ తెలుసు. అయినా పనులు మానుకుని అరుగుల మీద చేరేవారట. ఎందుకంటే ఈ ఏడు ఊళ్లో కొత్తగా ఏం జరిగిందో, ఎవరు విర్రవీగారో, దాన్ని పట్టుకుని సోమయాజులు ఏం అంటాడో వినాలి. వేషం పాతదే, ఊరు కొత్తది. హాస్యానికి సీక్వెల్ అంటే అంతకు మించి ఇంకేం లేదు.

అందుకే కొన్ని సీక్వెళ్లు పండుతాయి, కొన్ని ఎండుతాయి. ‘ఎయిర్‌ప్లేన్!’ తీసిన ముగ్గురు దర్శకులూ లేకుండానే 1982లో రెండోది తీశారు. మొదటిదాన్నే తిరగేసినట్టుండి అది ఆ పేరు నిలబెట్టలేకపోయింది. ఆ ముగ్గురే తర్వాత మొదలుపెట్టిన ‘నేకెడ్ గన్’ వరస 1988, 1991, 1994 సంవత్సరాల్లో మూడుసార్లు నవ్వించింది. 2025లో లియమ్ నీసన్ లాంటి గంభీరుణ్ణి తెచ్చి మళ్లీ మొదలుపెట్టారు. అముదన్ తన ‘తమిళ్ పడం’కి రెండోది 2018 దాకా తియ్యలేదు. ఎనిమిదేళ్లు ఆగాడు. ఈలోగా తమిళ హీరోలు కొత్త గర్వాలు సంపాదించుకున్నారు. వెక్కిరించడానికి కొత్త సరుకు దొరికింది. చూడండి, స్పూఫ్ తన పాత జోకుల్నే తలుచుకుని మురిసిపోతే చచ్చిపోతుంది. బయట లోకంలో విర్రవీగుడు ఎక్కడ పెరిగిందో వెతుక్కుంటూ పోతే బతుకుతుంది.

ఆ లెక్కన మీకు ఇప్పుడు పంట చేతికొచ్చి ఉంది. ప్రతి సినిమా రెండు భాగాలంటోంది. మొదటి భాగం అయిపోయేసరికి కథ మొదలవుతుంది. హీరో కనపడే ముందు అరగంట సేపు పదిమంది అతని గొప్ప చెబుతారు. పొగ, గొడ్డలి, గెడ్డం, నెత్తురు, చీకటి గుహ. నాలుగు నిమిషాలు నడిస్తే గానీ గుమ్మం దాటడు. వాటిలో గొప్ప సినిమాలున్నాయి. నేనూ తెల్లవారుజామున లేచి వెళ్లి చూసినవాణ్ణే. అందుకే చెబుతున్నాను, వాటి అచ్చు మాకు కంఠతా వచ్చేసింది. కాసు మీద గీత ఎక్కడుందో జనానికి తెలిసిపోయింది. గిల్టు పని మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి ముహూర్తం లేదు. మొదటి భాగమే లేని రెండో భాగం ఒకటి తియ్యండి, ఏం నష్టం? మాకు జరిగిన కథ ఎవరూ చెప్పక్కర్లేదు, తెలుసు.

పెద్దవాణ్ణని చనువు తీసుకుని మూడు మాటలు మాత్రం అడుగుతాను.

ఒకటి, ఒంటిని చూపి నవ్వించకండి. నలుపూ, లావూ, పొట్టీ, నత్తీ మన హాస్యానికి ఎన్నో ఏళ్లు కూడు పెట్టాయి. ఆ కూట్లో రాళ్లున్నాయని ‘కలర్ ఫోటో’లో చూపించింది మీరే. ‘హృదయ కాలేయం’ చూస్తూ మొదటి పది నిమిషాల్లో మేం నవ్విన నవ్వు తప్పని, ఆ తర్వాత అరగంటలో మాకు నేర్పించిందీ మీరే.

రెండు, బలమున్నవాణ్ణే వెక్కిరించండి. కాసుల కవి దేవుణ్ణి దెప్పాడు గానీ గుడి మెట్ల మీద ముష్టివాణ్ణి కాదు. మాధవి భామని ఏడిపించింది గానీ పనిపిల్లని కాదు. తెర మీద ఎవరికి గాలి వీస్తుందో వాళ్లకే గురిపెట్టండి.

మూడు, ప్రేమ లేకుండా తియ్యకండి. అసలు నగ మీద ముచ్చట లేనివాడు చేసిన గిల్టు నగ నాలుగు రోజుల్లో నల్లబడుతుంది.

ఇంకొక్క మాట. దయచేసి దీన్ని హాలు కోసం తియ్యండి. ఇలాంటి సినిమాల్లోంచి ముక్కలు ముక్కలుగా తీసి ఫోన్లలో పంపుకుంటున్నాం. సంతోషమే. కానీ ఒంటరిగా ముప్ఫై సెకన్లు నవ్వితే అది నవ్వే గానీ, నాలుగొందల మంది ఒకేసారి నవ్వితే అది తీర్పు. ఆ నాలుగొందల మందిలో చల్లపల్లి నుంచి వచ్చిన కౌలు రైతు ఉంటాడు, పెడనలో కలంకారీ అద్దకం పని చేసే అమ్మాయి ఉంటుంది, గిలకలదిండి రేవులో వలలు ఆరేసొచ్చిన కుర్రాడు ఉంటాడు. గుడివాడ కాలేజీ పిల్లలుంటారు. వాళ్లలో ఎవరికీ ఈ జన్మలో గాలి వీచేలా ఎవరూ ఫ్యాను పెట్టరు. సిద్దిపేట వైపు నుంచి వచ్చిన ఒక స్వర్ణకారుడి నెత్తి మీద మీరు కిరీటం పెట్టి, ఆయన దాన్ని నవ్వకుండా మోసిన రోజున, ఆ కిరీటం తమ తలకీ సరిపోతుందని వాళ్లకి తెలిసింది. రెండు గంటలపాటు అందరూ ఆ కొలతే చూసుకున్నారు.

ఆ వేషం మా ఊరు వచ్చి చాలా రోజులైంది. మా అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఉంటే, ఈసారి ఎవరి కిరీటం జారుతుందో చూద్దామని ముందే బయల్దేరేది. ఆమె సీట్లో మా మనవరాల్ని కూర్చోబెట్టుకుంటాను. మీరు వేషం కట్టండి. సంభావన గేటు దగ్గరే, టిక్కెట్టు రూపంలో చెల్లిస్తాం.

ఇట్లు,
బందరు నుంచి
మీ ప్రేక్షకుడు